దిగుడు బరువు

పోర్త్ ఎర్విన్‌లో కొండకు రెండే పనులు:
రాయి ఇవ్వడం, వాన తెప్పించడం.
రెంటికీ సెలవు లేదు, ఆదివారం తప్ప.
ఆదివారం వాన మాత్రమే.

మా తాత గ్వినోరో బ్రేకు మనిషి.
కొండ నెత్తిన రాతిగూడు, గూట్లో పెద్ద చక్రం,
చక్రానికి చుట్టిన ఇనుప తాడు.
ఈ కొసన రాళ్లు నింపిన బండ్లు మూడు,
ఆ కొసన రేవు నుంచి రావాల్సిన ఖాళీ బండ్లు మూడు.
ఇంజను లేదు, గుర్రం లేదు.
దిగే బరువే ఎక్కేదాన్ని లాగుతుంది.
"లోకం లెక్కంతా ఇంతే" అనేవాడు,
"ఒకటి కిందికి పోతేనే ఇంకోటి పైకొస్తుంది.
నడుమ చెయ్యి వేసి ఉంచేవాడికి
రోజుకి నాలుగు షిల్లింగులు."

క్వారీకి ముందు ఇక్కడ మూడే కొంపలట,
హెర్రింగ్ చేపలకి ఉప్పు పట్టించే కొట్టం ఒకటి.
ఎటు పోవాలన్నా పడవే.
పెళ్లికూతురు పడవలో, శవం పడవలో,
ఎద్దు మాత్రం ఈదుకుంటూ.
తర్వాత కొండ పగిలింది.
ఒక్క వేసవిలో ముప్పై ఇళ్లు లేచాయి,
ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ.
మొదటింట్లో రాతిపొడి దగ్గు మొదలైతే
మూడో ఇంట్లో నీళ్లు కాగేవి.

రాళ్లు రొట్టెల కొలతకి చెక్కేవాళ్లు,
లివర్‌పూల్ వీధుల్లో పరచడానికి.
తెరచాప ఓడలు బొడ్డులోతు మునిగి వెళ్లేవి,
తేలికై తూలుతూ తిరిగొచ్చేవి.
ఆ వీధుల్లో గుర్రాలు తోలినవాళ్లకి
మా ఊరి పేరు నోరు తిరిగేది కాదు.
మా వాళ్లకి ఆ ఊరు చూసే తీరిక లేదు.

తాడు తెగిన రోజు గురించి తాత ఏనాడూ చెప్పలేదు.
నాయనమ్మ చెప్పింది, ఒకేసారి,
బంగాళాదుంప తొక్క తీస్తూ, తొక్క తెగకుండా.
కొక్కెం తగిలించే కుర్రాడు ఇద్వల్‌కి పద్నాలుగేళ్లు.
మూడు బండ్లూ రేవు దాటి నీళ్లలోకి.
ఇప్పటికీ పెద్ద ఆటుకి ఒక చక్రం బయటపడుతుంది,
పీతలు కాపురముంటున్నాయి.
ఆ తర్వాత తాత
దేని మీద చెయ్యి వేసినా త్వరగా తీసేవాడు కాదు,
తలుపు గడియ మీద, టీ కప్పు మీద,
నా తల మీద.

చాపల తర్వాత పొగ ఓడలు వచ్చాయి.
పొగ తర్వాత లారీ.
లారీకి రోడ్డు కావాలి, రోడ్డుకి మా రాయి అక్కర్లేదు,
తారు చాలునట.
ఆ నల్లటి దారి మా గడప దాకా వచ్చిన ఏడే
క్వారీ మూతపడింది.
దాని మీదే ఊరు వెళ్లిపోయింది,
మంచాలు, గడియారాలు, మిగ్ అనే మా పిల్లి తప్ప.
పట్టాలు తుక్కు కింద పోయాయి.
పోనివి గొర్రెల కంచెకి గుంజలయ్యాయి.
పట్టాల కింది దుంగ ఒకటి నా వంటింటి దూలం,
ఎండ కాసిన రోజున ఇంకా కందెన వాసన కొడుతుంది.

నాకిప్పుడు ఎనభై రెండు.
పోయిన నెల ఒక లారీ మూలుగుతూ కొండెక్కింది.
పైన బ్రేకుగూడు కొని సెలవుల ఇల్లు చేసుకున్న
మాంచెస్టర్ పళ్ల డాక్టరు ముంగిట్లోకి పాత రాళ్లు.
"అసలు సిసలువి, లివర్‌పూల్‌లో తారు కింద తవ్వినవి,
రాయి రెండు పౌండ్లు" అన్నాడు డ్రైవరు,
నాకు అమ్ముతున్నట్టు.

సాయంత్రం కర్ర పట్టుకుని వెళ్లాను.
కుప్పలోంచి ఒకటి దొర్లించాను.
నూరేళ్ల డెక్కలకి పైముఖం సబ్బుబిళ్ల అయింది.
అడుగున ఉలి దెబ్బలు మాత్రం
నిన్న కొట్టినట్టే, పచ్చిగా.
ఎవరి ఉలో తెలియదు. రాయి పేరు చెప్పదు.

ఇంత బరువు పైకి వచ్చిందంటే
ఎక్కడో ఏదో కిందికి దిగుతూ ఉండాలి.
ఏమిటని అడగడానికి తాత లేడు.
రాయి మీద వేసిన చెయ్యి
వెంటనే తీయబుద్ధి కాలేదు.

ఆదివారం కాదు, బుధవారం.
కొండ మీద
వాన మాత్రమే.